వగరు వెతుక్కుంటూ డార్జిలింగ్‌కి

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. బ్యాగులు ఇంకా పూర్తిగా సర్దలేదు. టీ పొట్లాలు నలిగిపోకుండా చీరల మడతల్లో పెట్టి తెచ్చాం కాబట్టి, ఏ చీర విప్పినా ఆ ఆకు వాసనే వస్తోంది. అది పోకముందే రాసేద్దామని కూర్చున్నాను.

నాకు టీ అంటే పిచ్చి. వ్యాపారం కాదు, చదువుకున్న విద్య కూడా కాదు, ఇష్టం అంతే. రెండేళ్లుగా రకరకాల టీలు తెప్పించుకుని పక్కపక్కన పెట్టి రుచి చూస్తున్నాను. ఒక్క టీ తాగితే బాగుందనో బాగాలేదనో తప్ప ఇంకేమీ తెలియదు, రెండు పక్కపక్కన పెడితే మాత్రం ఒకదాన్ని చూసి ఇంకోటి మాట్లాడుతుంది. అందుకే ఈసారి ఒక చిన్న తూకం మెషీను, రెండు తెల్ల పింగాణీ కప్పులు, వాటికి మూతలు తువ్వాల్లో చుట్టి తీసుకెళ్లాను. ఎక్కడైనా ఒకటే లెక్క: రెండున్నర గ్రాముల ఆకు, 150 మిల్లీలీటర్ల నీళ్లు, మూడు నిమిషాలు. పాలు లేవు, పంచదార లేదు.

తోడు మా పిన్ని. రాజమండ్రిలో తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యింది, 67 ఏళ్లు. రోజుకి నాలుగు అల్లం టీలు, వాటి మధ్య వక్క పలుకులు, అదీ ఆవిడ దినచర్య. నేను ఆవిడనే పట్టుబట్టి ఎందుకు తీసుకెళ్లానంటే, ఏ వాసనకైనా ఆవిడ దగ్గర ఒక మాట ఉంటుంది. టీ గురించి నేను చదివినవన్నీ పీచ్ అనీ ఆప్రికాట్ అనీ చెబుతాయి, ఆ పళ్లు మేం ఎప్పుడు తిన్నాం గనక.

2025 మార్చి 27, గురువారం, సిలిగురి

సాయంత్రం రోడ్డు పక్కన చిన్న మట్టి కప్పులో పది రూపాయల టీ. చిక్కటి పాలు, అల్లం, కాస్త నల్ల ఉప్పు వాసన. పిన్ని గుటుక్కున తాగేసి, "ఇదుండగా ఇంకా పైకెందుకే అమ్మాయ్" అని రెండోది అడిగింది. కప్పుకి ఉన్న తడిమట్టి వాసన ఆ టీకి సగం రుచి, తొలకరి పడ్డప్పుడు పెరట్లో నిలబడి తాగినట్టు ఉంది.

ఖాల్‌పాడా వైపు టీ హోల్‌సేలు కొట్లున్నాయంటే నడుచుకుంటూ వెళ్లాం. సందుల్లో ఒకటే బస్తాలు, గాలిలో సన్నటి టీ దుమ్ము. ఒక కొట్టాయన మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న "పాలతోనా, పాలు లేకుండానా?" అని. రెండూ అని చెప్పేసరికి స్టూళ్లు వేయించాడు. పొడిని గుప్పిట్లో గట్టిగా పట్టుకుని, మూసిన గుప్పిట్లోకి నోటితో వెచ్చటి గాలి ఊది, వెంటనే తెరిచి ముక్కు పెట్టాడు. ఊపిరిలో ఉన్న వెచ్చదనానికి, తడికి ఆకు వాసన బయటికొస్తుందట. మా చేతా చేయించాడు. ఈ ఒక్క పని నేర్చుకున్నందుకే సిలిగురిలో దిగడం దండగ కాలేదు, తర్వాత ప్రతి కొట్లో అదే చేశాను.

మన ఇళ్లలో కాచేది దాదాపు అంతా సీటీసీ టీ. ఆకుని రోలర్ల మధ్య నలిపి, చీల్చి, చిన్న ఉండల్లా చుట్టేస్తారు, క్రష్ టేర్ కర్ల్ అన్న మాటల్లోంచే ఆ పేరు. 1930ల్లో అస్సాంలో పుట్టిన యంత్రం ఇది. ఆకు అంతగా చితికిపోతుంది కాబట్టి రంగు, ఘాటు నిమిషంలో దిగిపోతాయి, పాలు పోసినా తట్టుకుని నిలబడుతుంది. ఆయన దగ్గర దూవార్స్‌ది, అంటే ఈ కొండల కింది మైదానంలో పండేది, కిలో 240, అస్సాంది 320. పాలతో కాస్తే అస్సాందే గెలిచింది, పాలు లేకుండా తాగితే దూవార్స్‌ది మెత్తగా గొంతులోకి జారింది. అస్సాం డికాషన్ ఉత్తిది ఒక గుక్క తాగి పిన్ని మొహం చిట్లించి, "వక్క నమిలినట్టుందే, నాలుక పట్టేసింది" అంది.

ఆ మాట ఆ రోజు నేను పట్టించుకోలేదు.

మార్చి 28, శుక్రవారం, డార్జిలింగ్

షేర్ జీపు దారిలో ఆగిన చోట ఒక బడ్డీ కొట్లో "ఈ ఏడాది మొదటి కోత" అని చెబితే 250 పెట్టి వంద గ్రాములు కొన్నాను. దాని సంగతి తర్వాత చెబుతాను.

పైన చలి. మంచు కమ్మేసి ఎదురుగా ఉన్న మేడ కూడా కనిపించడం లేదు, కాంచనజంగ మాట అటుంచండి. చౌరస్తాకి దగ్గర్లో ఒక పాత టీ కొట్లో కూర్చున్నాం. గోడల నిండా పెద్ద గాజు సీసాలు, వాటి మీద తోటల పేర్లు. డార్జిలింగ్ టీ అని పిలవడానికి హక్కున్న తోటలు 87. దేశంలో మొట్టమొదటి భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ, 2004లో ఈ టీకే వచ్చింది, మన పోచంపల్లి ఇకత్‌కి కూడా ఆ వెనకే వచ్చింది. కొట్లో అమ్మాయిని ఒకే తోటది మూడు కాలాల టీ ఇవ్వమని అడిగాను. మూడు కప్పులకీ కలిపి 450 అయింది. ఖరీదే, కానీ ఆ గంటసేపు నాకు మొత్తం యాత్రలో దొరికిన పెద్ద పాఠం.

మొదటిది ఫస్ట్ ఫ్లష్, ఈ మార్చిలో కోసింది. చలికాలమంతా నిద్రపోయిన చెట్టు వేసే మొదటి చిగురు. రంగు లేత నిమ్మపండు రంగు. పిన్ని చూసి "ఇది టీ ఏంటే, నీళ్లు వెచ్చబెట్టి ఇచ్చారు" అంది గానీ, కప్పు ముక్కు దగ్గరికి తీసుకోగానే ఆగిపోయింది. కళ్లు మూసుకుని, "పెసలు నానబెట్టి గుడ్డలో మూట కడతామే, రెండో రోజు పొద్దున విప్పితే వస్తుంది చూడు, ఆ వాసన" అంది. అంతే. నేను రెండేళ్లుగా దానికి మాట వెతుక్కుంటున్నాను.

రెండోది సెకండ్ ఫ్లష్, కిందటేడు మే, జూన్ నెలలది. ఎర్రటి రాగి రంగు. దీన్నే మస్కటెల్ అంటారు, బాగా పండిన నల్ల ద్రాక్షని తొక్కతో సహా నమిలితే వచ్చే వాసన. ఆ రోజుల్లో జాసిడ్లు అనే చిన్న పచ్చ పురుగులు చిగుళ్లని గుచ్చి రసం పీలుస్తాయి. చెట్టు తనను కాపాడుకోవడానికి ఆకులో కొన్ని పదార్థాలు తయారు చేసుకుంటుంది, ఆ వాసన వాటిదే. పురుగు కొట్టిన ఆకు ఎక్కువ ధర పలుకుతుందంటే పిన్ని నమ్మలేదు, మా తాతయ్య వంగతోటలో పురుగు పడితే ఇంట్లో అన్నం ఉడికేది కాదని చెప్పింది.

మూడోది అక్టోబరు, నవంబరు నెలల్లో కోసిన శరత్కాలపు టీ. ధర తక్కువ, వంద గ్రాములు 350. ఫస్ట్ ఫ్లష్ 680, సెకండ్ ఫ్లష్ 620. ఈ మూడోదాన్ని అందరూ చివర్న చెబుతారు గానీ, పిన్నికి అదే నచ్చింది. "కాల్చిన తేగ" అంది. నిజమే, ఆ తియ్యటి పిండిదనం, వెనకాల కాస్త పొగ.

రాత్రి లాడ్జి గదిలో నా బడ్డీ కొట్టు పొట్లం విప్పాను. ఆకు మొత్తం ముదురు గోధుమ రంగు, ఎక్కడా పచ్చదనం లేదు. కప్పులో పోస్తే దుమ్ము రుచి. లాడ్జి ఓనరు, మేం దాజూ అని పిలిచేవాళ్లం, నేపాలీలో అన్నయ్య అని, ఒక చిటికెడు అరచేతిలో వేసుకుని చూసి ఇది పోయినేడు వానాకాలంది అన్నాడు. ఫస్ట్ ఫ్లష్ అయితే ఎండిన ఆకులో పచ్చ, గోధుమ కలగలిసి ఉండాలి, కాచాక పిప్పి పచ్చి ఆకులాగే విచ్చుకోవాలి. 250 పోయాయి. కొనేవాళ్లు పిప్పి చూపించమని అడగండి, మంచి కొట్టువాళ్లు ఏమీ అనుకోరు.

మార్చి 29, శనివారం, హ్యాపీ వ్యాలీ

1854లో పెట్టిన తోట ఇది, ఊళ్లోంచి నడిచి వెళ్లిపోవచ్చు. పొద్దున్నే చౌక్ బజార్‌లో ఆలూ దమ్ తిన్నాం, ఎర్రటి పులుసులో చిన్న చిన్న ఉడికించిన దుంపలు, ప్లేటు 40. అక్కడి నుంచి లెబాంగ్ రోడ్డు పట్టుకుని, బోర్డు కనిపించక ముందే ఎడమ పక్క మెట్లు దిగేశాం. దిగుతున్నాం, దిగుతున్నాం, తోట వస్తుంది గానీ ఫ్యాక్టరీ రాదు. పిన్ని మోకాళ్లు పట్టేశాయి. చివరికి పనివాళ్ల ఇళ్ల వరసలో తేలాం. రేకుల ఇళ్లు, ప్రతి ఇంటి ముందూ నూనె డబ్బాల్లో పూల మొక్కలు, తీగల మీద ఉతికిన బట్టలు.

ఒక పెద్దావిడ బయటికొచ్చి పిన్నిని చూసి మాటామంతీ లేకుండా పీట వేసింది. లోపలికెళ్లి గాజు గ్లాసుల్లో కాలో చియా తెచ్చింది, పాలు లేని నల్లటి టీ, పంచదార బాగా వేసి. ఆవిడ ముప్ఫై ఏళ్లు ఆకు కోసిందట. "దుయీ పాత్, ఏక్ సుయిరో" అని వేళ్లతో చూపించింది. రెండాకులు, ఒక మొగ్గ, సూదిలా ఉంటుంది కాబట్టి దానికా పేరు. గోటితో గిల్లకూడదు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి తుంచాలి, గిల్లితే ఆ చోట ఆకు నల్లబడుతుంది. ఇప్పుడు కోడలు వెళ్తోంది, రోజుకి 250 రూపాయలు. కొడుకు బెంగళూరులో సెక్యూరిటీ గార్డు. ఈ వరసలో చాలా ఇళ్లలో కుర్రాళ్లు బయటి ఊళ్లకి వెళ్లిపోయారని చెప్పింది. 2017లో 104 రోజులు కొండంతా బంద్ అయినప్పుడు చెట్లు మనిషి ఎత్తు పెరిగిపోయాయని, పని మళ్లీ మొదలయ్యాక వాటిని నరికి దారికి తేవడానికి ఎంత కష్టపడ్డారో చేతులతో చూపించింది. వంద గ్రాములు 680 పెట్టి కొన్న నేను ఆ 250 విన్నాక కాసేపు మాట్లాడలేకపోయాను. ఇప్పటికీ ఆ రెండు అంకెలు పక్కపక్కనే గుర్తొస్తున్నాయి.

డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. పిన్ని చేతిసంచిలోంచి ఆత్రేయపురం పూతరేకుల డబ్బా తీసి ఇచ్చింది. ఆవిడ అది కాగితంలో చుట్టిన మిఠాయి అనుకుని పైపొర విప్పబోయింది. కాదు, మొత్తం తినేయడమే అని పిన్ని తను ఒకటి తిని చూపించింది. పిన్నికి హిందీ రాదు, ఆవిడకి తెలుగు రాదు, ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు.

ఆవిడ మనవడు మమ్మల్ని ఇంకో దారిన ఫ్యాక్టరీకి తీసుకెళ్లాడు. చూడటానికి తలకి వంద రూపాయలు. పై అంతస్తులో పొడవాటి తొట్లలో ఆకు పరిచి కింద నుంచి గాలి కొట్టి వాడబెడతారు, పద్నాలుగు పదహారు గంటలు. తలుపు తీయగానే వచ్చిన వాసనకి పిన్ని నా చెయ్యి పట్టుకుంది. కోసిన గడ్డి, గోరింటాకు, జామపండు, అన్నీ ఒక్కసారి. తర్వాత రోలింగ్ యంత్రం ఆకుని అరచేతుల్లో నలిపినట్టు నలుపుతుంది, కానీ సీటీసీలా చీల్చదు. కాసేపు గాలికి ఆరబెడితే రంగు మారుతుంది, ఆ పైన వేడి గాలిలో ఎండబెట్టడం, జల్లించడం. నాలుగున్నర కిలోల పచ్చాకుకి ఒక కిలో టీ. ఫస్ట్ ఫ్లష్ ఆకుని ఎక్కువ వాడబెడతారు. తేమ బాగా పోవడం వల్ల తర్వాత రంగు మారడం సగంలో ఆగిపోతుంది. బ్లాక్ టీ అని పేరున్నా ఆకు పచ్చగా ఉండటానికి కారణం అదీ. నిన్న రాత్రి నా పొట్లంలో లేనిది ఏమిటో ఇక్కడ కళ్లతో చూశాను.

మార్చి 30, ఆదివారం, ఉగాది

తోటలకి సెలవు. విశ్వావసు నామ సంవత్సరం డార్జిలింగ్ లాడ్జి గదిలో మొదలైంది. పిన్ని ఎండబెట్టిన వేపపువ్వు, కొత్త చింతపండు, బెల్లం ఇంటి నుంచే తెచ్చింది. మామిడికాయ సిలిగురి మార్కెట్లో కొన్నాం. గిన్నె దాజూ వాళ్ల వంటింట్లోంచి. స్నానానికి ఇక్కడ బకెట్ల లెక్కే, ఊళ్లో నీటికి కటకట, వేడినీళ్లు బకెట్ 50. ఆ చలిలో తలస్నానం చేసి పిన్ని పచ్చడి కలిపి, దాజూకి, ఆయన భార్యకి, వాళ్ల అమ్మాయికి తలా ఒక చెంచా పెట్టి, ఆరు రుచులూ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. నేను హిందీలో చెబుతున్నాను. తీపి మీఠా, పులుపు ఖట్టా, చేదు కడ్వా. మామిడికాయ దగ్గరికొచ్చి వగరు అన్నప్పుడు నాకు హిందీ మాట చప్పున తట్టలేదు. దాజూ నాలుకని అంగిలికి ఆనించి టక్‌మని శబ్దం చేసి, "ఇదా?" అన్నాడు. "టీలో ఉండేది ఇదే కదా" అని కూడా అన్నాడు.

గురువారం పిన్ని అన్న వక్క మాట అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ టీలో చేదు, చేదు అనుకుంటూ నేను తప్పించుకు తిరిగినదాంట్లో సగానికి పైగా చేదు కాదు, వగరు. చేదు నాలుక మీద రుచి. వగరు మాత్రం నోరు పట్టేసినట్టు, ఆరిపోయినట్టు తెలిసేది, ఆకులోని పదార్థాలు మన లాలాజలంలోని ప్రోటీన్లని పట్టుకోవడం వల్ల వచ్చేది. పచ్చి అరటికాయలో, నేరేడు పండులో, వక్కలో ఉండేదీ అదే. పాలు పోస్తే పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ ముందే వాటిని పట్టేసుకుంటుంది, నాలుకదాకా రానివ్వదు. అందుకే పాల టీ అంత కమ్మగా జారుతుంది. టీ రుచి చూసేవాళ్లు బ్రిస్క్ అని మెచ్చుకునేది ఈ వగరునే. ఇంగ్లిష్‌లో ఆ మాట చదివి నేను ఏదో చురుకుదనం అనుకుని ఊరుకున్నాను. ఆరు రుచుల్లో దానికో పీట వేసి, కొత్త సంవత్సరం నాడు నోట్లో పెట్టుకునే మన భాషలో మాట ఎప్పుడూ ఉంది.

అక్కడికక్కడే కప్పులు దించి, ఫస్ట్ ఫ్లష్‌ని మూడు నిమిషాలు ఒకటి, ఆరు నిమిషాలు ఒకటి పెట్టాను. మూడు నిమిషాలదాంట్లో వగరు నాలుక చివర మాత్రం తాకి వెళ్లిపోయి, వెనకాల తియ్యదనం వదిలింది. ఆరు నిమిషాలదాంట్లో అది నోరంతా పరుచుకుని పెసల వాసనని మింగేసింది. పిన్ని మొదటి కప్పు పూర్తిగా తాగింది, మొదటిసారి.

మధ్యాహ్నం ఒక టిబెటన్ హోటల్లో క్యాబేజీ మోమోలు, ప్లేటు 80. పక్కన డల్లే మిరపకాయ పచ్చడి, రేగిపండులా గుండ్రంగా ఉండే ఎర్ర మిరప. మన గుంటూరు మిరపలో ముందు మంట వస్తుంది, ఇందులో ముందు పళ్ల వాసన, ఆ తర్వాత చెవుల దాకా మంట. వెన్న టీ కూడా అడిగాం. నల్లటి ఇటుక టీ డికాషన్‌లో ఉప్పు, వెన్న వేసి చిలుకుతారు. నేను ఒక గుక్క తాగి దించేస్తే, "టీ అనుకోకు, చారు అనుకుని తాగు" అంది పిన్ని. అలా అనుకుని తాగితే నిజంగా బాగుంది, చలికి గొంతులో వెచ్చగా పాకింది. దాంట్లో వగరు ఉందా అంటే, లేదు, వెన్న దాన్ని పూర్తిగా కప్పేసింది.

మార్చి 31, సోమవారం, పశుపతి

సుఖియాపోఖ్రి మీదుగా మిరిక్ వెళ్లే దారిలో నేపాల్ సరిహద్దు రోడ్డు పక్కనే ఉంటుంది. గుర్తింపు కార్డులు చూపించి గేటు దాటి, షేర్ వ్యాన్‌లో పశుపతి బజారుకి వెళ్లాం. అటువైపు ఇలాం జిల్లా. అక్కడ టీ తోటలు 1863లో మొదలయ్యాయి, డార్జిలింగ్ కంటే అటూ ఇటూగా పదేళ్లే వెనక. అదే కొండ, అదే మంచు, అదే రకం చెట్లు. గేటుకి ఇటు పేరుంది, అటు లేదు.

స్వెట్టర్లు, గొడుగులు, దుప్పట్లు అమ్మే కొట్ల మధ్య ఒక ముసలాయన టీ కొట్టు. ఈ మార్చి కోతది ఇలాం ఆకు, వంద గ్రాములు మన డబ్బులో 160. గుప్పిట్లో ఊది చూశాను, వాసన బాగుంది. ఆయన మాకు కాచి ఇచ్చి, డార్జిలింగ్‌ది ఉంటే మీది కూడా కాయండి అన్నాడు. నా సంచిలో 680ది ఉంది. ఆయన కెటిల్లోని నీళ్లు, నా కప్పులు, నా తూకం. ఏ కప్పులో ఏదో చెప్పకుండా పిన్ని ముందు పెట్టాను. పిన్ని రెండూ రెండేసి సార్లు తాగి, కుడిపక్కది తోసి "ఇది మీ 680ది" అంది. అది ఇలాంది. ఆయన నవ్వలేదు, గర్వపడలేదు, కళ్లజోడు తుడుచుకుని ఇంకొంచెం పోశాడు.

తర్వాత నేను కూడా పిన్ని చేత మార్పించి తాగాను. నాకు తెలిసింది, కానీ కష్టం మీద. డార్జిలింగ్‌ది పైన తేలికగా పూల వాసన, వగరు పదును. ఇలాంది గుండ్రంగా ఉంది, వగరు తక్కువ, వెనక తీపి ఎక్కువసేపు నిలిచింది. నాలుగు రెట్ల తేడా మాత్రం కప్పులో లేదు, ఇది ఖచ్చితంగా చెబుతాను. అయితే నేపాల్ ఆకుని డార్జిలింగ్ పేరుతో అమ్మేస్తున్నారన్న బాధ ఇటువైపు వాళ్లది, ఒకప్పుడు ఏటా కోటి కిలోలు పండిన కొండలో ఇప్పుడు అరవై లక్షల దగ్గరే వస్తోంది, ఉన్న కాస్తకీ దొంగ పేరు పోటీకొస్తే ఆ 250 ఎప్పుడు పెరుగుతాయి. అటు ముసలాయన బాధ ఇంకోటి, ఇంత మంచి ఆకుని సొంత పేరు మీద అడిగేవాళ్లు లేరని. నేను 200 గ్రాములు కొని పొట్లం మీద ఆయన చేతే ఇలాం అని నేపాలీలో రాయించుకున్నాను.

ఏప్రిల్ 1, మంగళవారం, కర్సియాంగ్

కొండ సగం దిగాక వచ్చే ఊరు. టాయ్ ట్రెయిన్ పట్టాలు బజారు మధ్యలోంచి, కొట్ల మెట్లకి ఆనుకుని పోతాయి. 1859లో ఫ్యాక్టరీ పెట్టిన మకాయిబాడీ తోట ఇక్కడే.

ఇక్కడ చూడాలనుకున్నది ఒక్కటే: ఒకే తోట, ఒకే వారం కోత, రెండు రకాల చెట్లు. పాతవి చైనా రకం, బ్రిటిష్ వాళ్లు గింజలు వేసి పెంచినవి, చిన్న ఆకు, వందేళ్లు దాటినవి కూడా ఉన్నాయి. కొత్తవి ఏవీ2 అనే క్లోన్. తోటలో పనిచేసే అబ్బాయి వివరిస్తుంటే పిన్నికి నాకంటే ముందే అర్థమైంది. "టెంక మొలిచిన మామిడి, అంటు మామిడి. అంతేగా?" అంది. గింజ నుంచి వచ్చిన చెట్టు ఏదీ ఇంకోదానిలా ఉండదు, కొమ్మ నాటి పెంచినవన్నీ ఒకే తల్లి పోలికే. అంటుకట్టడం వేరు, కొమ్మ నాటడం వేరు గానీ విషయం అదే.

ఏవీ2ది వంద గ్రాములు 1,100. సాయంత్రం సన్నజాజి విచ్చుకునే వేళ పందిరి కింద నిలబడినట్టు, తప్పు పట్టడానికి ఏమీ లేదు. చైనాది 700. దాంట్లో ఒక్కో గుక్కా ఒక్కోలా ఉంది, ముందు పచ్చిగా, మధ్యలో ఏదో ఎండు పండు, చివర్న నాటు జామకాయ కొరికినప్పటి వగరు. మొదటి రెండు గుక్కలకి ఏవీ2 గెలుస్తుంది. కప్పు పూర్తయ్యేసరికి నా చెయ్యి చైనాది మళ్లీ పోసుకుంటోంది. ఆ చెట్లు తక్కువ ఆకు ఇస్తాయని చాలా చోట్ల పీకేసి క్లోన్లు వేస్తున్నారని అబ్బాయి చెబితే దిగులేసింది. చెరొకటి యాభై గ్రాములు కొన్నాను.

ఏప్రిల్ 7, హైదరాబాద్

వచ్చిన రోజే ఆత్రంగా ఏవీ2 కాచాను. అదే తూకం, అదే కప్పు, అదే మూడు నిమిషాలు. ముదురు మట్టి రంగు, పైన సన్నటి తెట్టు, వాసన లేదు. పొట్లం పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. తర్వాత తట్టింది, మా అపార్ట్‌మెంట్‌లో వాడేది బోరు నీళ్లు. నిన్న శ్రీరామనవమి పానకం తాగాక సాయంత్రం కూర్చుని మూడు కప్పులు పెట్టాం: బోరు నీళ్లు, ఫిల్టర్ నీళ్లు, కొన్న సీసా నీళ్లు. బోరు నీళ్లలో ఉండే సున్నం మొత్తం మింగేస్తోంది, వగరు కూడా లేదు, చప్పగా ఉంది. ఫిల్టర్ నీళ్లది పల్చగా, పదును మరీ ఎక్కువగా. సీసా నీళ్లదాంట్లో సన్నజాజి మళ్లీ వచ్చింది, కొండ మీద ఉన్నంత కాదు, ముప్పాతిక వంతు. అస్సాం సీటీసీకి పాలు పోసి అల్లం దంచి అదే బోరు నీళ్లతో కాస్తే మాత్రం ఏ లోటూ లేదు, ఎప్పటిలాగే ఉంది.

ఈ రాత్రి పిన్ని గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి బయల్దేరుతోంది. ఆవిడ దగ్గర తూకం లేదు కాబట్టి పొద్దుట్నుంచీ రెండున్నర గ్రాముల చొప్పున పొట్లాలు కడుతున్నాను. శరత్కాలానిది పది, ఇలాంది పది, చైనాది ఐదు. ఫస్ట్ ఫ్లష్ వద్దంది గానీ రెండు పెట్టాను. ప్రతి దాని మీద పేరు, మూడు నిమిషాలు అని రాసి, బోరు నీళ్లతో కాచవద్దని కూడా రాస్తుంటే, "మాకు గోదావరి నీళ్లేనే" అంది. రేపు పొద్దున ఇంటికి వెళ్లగానే కాచి, ఆ నీళ్లతో వగరు ఎలా ఉందో ఫోన్ చేసి చెబుతానంది.